సగం విన్న మాట

షట్టరమ్మ ఆ పొద్దున ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ జవాబును బట్టి తప్పు చచ్చిపోయిన చెల్లెలిదో, బతికున్న తనదో కాగితం మీద తేలిపోతుంది. పార్కు ఆఫీసు గదిలో బల్లకు అటువైపు విచారణకొచ్చిన అధికారి, ఇటువైపు ఆమె, గుమ్మానికి ఆనుకుని చెల్లెలి మొగుడు. గోడ మీద పార్కు పటం. అందులో పైన పాతకాలపు రాతి చెరువు, కూలిన కోట గోడ, వాటి కింద గుహలు.

ఆ చెరువును ఏ మహానుభావుడు కట్టించాడో గానీ బుర్ర పెట్టి కట్టించాడు. నిండితే పొర్లే నీళ్ళు తూము గుండా కింది గుహలోకి దిగి, అక్కణ్ణుంచి ఏట్లో కలుస్తాయి. పార్కువాళ్ళు ఆ తూముకు ఇనప షట్టరు బిగించి, చక్రం తిప్పే పని ఈవిడకు అప్పగించారు. పదకొండేళ్ళుగా అదే పని. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. గుహలో జనానికి దారి చూపేది చెల్లెలు. షట్టరు ఎత్తేముందు గుహలో ఎవరైనా ఉన్నారా అని అక్క చేతి రేడియోలో అడగాలి, చెల్లెలు చెప్పాలి. అదీ ఏర్పాటు.

ఇక్కడే ఉంది తిరకాసంతా. ముసలి గైడ్ల కాలం నుంచి ఆ పార్కులో గుహను ఖాళీ అనరు. వంటింట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటామే, అలాగే లోపల మనిషి లేకపోతే గుహ నిండుకుంది అంటారు. ఖాళీ అంటే గుహ మనిషిని అడుగుతుందట. అడగడానికి దానికి నోరెక్కడ ఏడ్చిందో! అయినా అందరూ పాటించారు, చదువుకున్న సూపరింటెండెంటుతో సహా.

పోయిన మంగళవారం మధ్యాహ్నం కుండపోతగా వాన. నీళ్ళు గట్టు అంచు తాకాయి. గట్టు తెగితే కింద టికెట్ల దగ్గరున్నవాళ్ళు ఒక్కరూ మిగలరు. కోట గోడ దగ్గర తిరిగే పద్నాలుగు మంది తలదాచుకోవడానికి గుహలోకి పరుగెత్తిన సంగతి పైనున్న షట్టరమ్మకు తెలియదు. రేడియో మీట నొక్కింది.

"ఏమే, గుహ సంగతేంటి?"

"అక్కా, గుహ నిండు..."

"సరే సరే, తెలిసిందిలే" అని ఈవిడ మీట నొక్కేసింది. ఆ రేడియోలో ఒకరు నొక్కితే అవతలివాళ్ళ మాట ఆగిపోతుంది. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ కొంచెం నత్తి. ఆ పిల్ల మాట మధ్యలో ఆగితే అందుకుని పూర్తిచేయడం అక్కకు అలవాటు. ప్రేమతోనే చేసేది, కాదని ఎవరంటారు? కానీ చెల్లెలు చెప్పబోయింది గుహ నిండుకుందని కాదు, జనంతో నిండిపోయిందని.

షట్టరు ఎత్తడానికి అరవై చుట్లు. కింద కేకలు వినబడ్డాక దించడానికీ అరవై చుట్లే. చేతులు బొబ్బలెక్కి చిట్లినా ఆపకుండా తిప్పింది. చెల్లెలు పద్నాలుగు మందినీ గుహలోని రాతి మెట్ల మీంచి, ఎత్తులో ఉన్న మంటపంలోకి తోసింది. తను ఎక్కేలోగా నీళ్ళు లాక్కుపోయాయి. మర్నాడు ఏటి ఒడ్డున దొరికింది.

"గైడే తప్పు చెప్పిందట, పాపం" అని రెండు రోజుల్లో పార్కంతా పాకింది. సూపరింటెండెంటు నిన్న చాటుగా పిలిచి మంచి మాటే చెప్పాడు.

"నిండుకుంది అందని చెప్పమ్మా. పోయినావిడని ఎవరేం చేస్తారు? నీ ఉద్యోగమైనా నిలబడుతుంది."

రాత్రంతా ఆ మాటే నమిలింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆశపడింది కూడా. పిల్లాజెల్లా లేని మనిషి. చెల్లెలి ఎనిమిదేళ్ళ కూతురే ఆమె లోకం. బడి వదలగానే ఆ పిల్ల వచ్చి పడేది పెద్దమ్మ ఒళ్ళోనే. నిజం చెబితే ఆ తండ్రి పిల్లని పంపుతాడా?

"చివరిగా మీ చెల్లెలు ఏమన్నారు?" అధికారి కలం తీశాడు.

మరిది గుమ్మం వదిలి ముందుకొచ్చాడు. "వదినా, అది తప్పు చెప్పిందా? నాకదొక్కటే కావాలి."

ఆమె అతనివైపు తిరిగింది. "లేదు. నిండు అనేదాకే విన్నాను. మిగతాది నేనే అనేసుకుని మీట నొక్కాను. అది చెబుతూనే ఉంది, నేనే విన్లేదు."

అధికారి రాసుకుని, కాగితం ఇటు తిప్పాడు. ఆమె సంతకం పెట్టింది. బొబ్బలు మానని చేతికి అక్షరాలు వంకర పోయాయి.

మరిది వంగి ఆ కాగితం సంతకం దాకా చదివాడు. తర్వాత అన్నాడు, "బడిలో పిల్లతో 'అందర్నీ ముంచబోయింది మీ అమ్మే' అంటున్నారు. అన్నం ముట్టట్లేదు. ఇవాళ సాయంత్రం వచ్చి, ఇదే మాట దానికి చెప్పు."

"వస్తాను."

"నేను చెబితే నమ్మదు. నువ్వంటే దానికి ప్రాణం."

"చెబుతాను నాయనా, నేనే చెబుతాను."

"చెప్పాక" అన్నాడు అతను, ఆమె మొహం చూడకుండా, "ఇంక మా గడప తొక్కకు వదినా."

"అలాగే" అంది షట్టరమ్మ. బడి ఎన్నింటికి వదులుతారో ఆమెకు తెలుసు; పిల్ల వచ్చేసరికి ఆ గడపలో ఉండాలని లేచింది.