బొమ్మ నోట మంజమ్మ మాట

జరీ అంచు కనబడేలా చీరను ఎడమ భుజం మీద వేసుకుని, కుచ్చిళ్ళు వేళ్లతో సర్దుతూ, ‘ఈ రంగు మీకు మంచిగుంటదమ్మా’ అనబోయిన మంజమ్మ సగంలోనే ఆగిపోయింది. ఎదురుగా తెల్ల పరుపు మీద కూర్చున్న ఆడమనిషి పక్కన ఆమె కూతురు ఫోన్ చూస్తోంది. ఆ ఫోన్లోంచి మంజమ్మకు తన గొంతే వినిపించింది.

నూరు చీరలు ఇప్పిన, నూరు మడతపెట్టిన,
పొద్దుగాల నిలబడ్డ, పొద్దుగూకినా కూసోలె,
తాళమేసిన తలుపుకాడ కడుపు పట్టుకున్న,
గల్లపెట్టెకు కుర్చుంది, నా కాళ్లకు లేదా?

“ఏం పాటే అది?” తల్లి అడిగింది.

“ర్యాప్ అమ్మా. జపాన్ బొమ్మల సినిమాకు మనూరోళ్లెవరో మాటలు పెట్టిన్రు. రాయచూరు మొత్తం ఇదే నడుస్తుంది.”

మంజమ్మ దగ్గింది. భుజం మీది చీర జారి కిందపడింది. వంగి తీసుకుంటుంటే వేళ్లకు చీర దొరకలేదు, పరుపు గుడ్డ దొరికింది.

“ఇంకో రంగుందా?” ఆవిడ అడిగింది. మంజమ్మ తలూపి బీరువా వైపు తిరిగింది. నోరు విప్పలేదు.

పొద్దున వస్తూంటే చాయ్ బండి దగ్గర మొదటిసారి విన్నది. ఆ తర్వాత పక్క గాజుల దుకాణంలో. ప్రతిసారీ ఎవరో వెనకనుంచి మెడ పట్టుకున్నట్టయింది. ఇప్పుడు అది దుకాణం లోపలికే వచ్చేసింది. గల్లా దగ్గర సావుకారు యోగానంద్ తలెత్తి ఫోను వైపు చూశాడు.

మంజమ్మకు యాభై దాటాయి. సన్నటి మనిషి, కాళ్లు మాత్రం మోకాళ్ల కింద నుంచి ఉబ్బి ఎవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. పుట్టింది కల్లూరులో. పిల్లప్పుడు నాట్లకు పోతే ఆమె పాటెత్తితేనే మిగతా ఆడవాళ్ల చేతులు కదిలేవి. పెళ్లయ్యాక భర్త అమరప్పకు ఆ పాట నచ్చలేదు. బజార్న పడ్డట్టు ఆ గొంతేందని, ఒకనాడు అన్నం ముద్ద నోట్లో ఉండగానే కొట్టాడు. ఆనాటినుంచి ఆమె గొంతు ఇంట్లో వాళ్లకు కూడా సరిగా వినబడలేదు. అతను పోయి చాలా ఏళ్లయింది. భయం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అద్దెకు ఇంటి యజమాని గడప తొక్కినా, కండక్టరు చిల్లర అడిగినా, సావుకారు పేరు పెట్టి పిలిచినా ఆమెకు ముందు గొంతు ఎండిపోయేది.

ఇంటి యజమాని కూతురు స్ఫూర్తి కాలేజీలో చదువుతోంది. ఒక సాయంత్రం ఉప్పు చేబదులు అడగడానికి పోయిన మంజమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ బొమ్మల సినిమా చూపించింది. పొట్టి జుట్టు పిల్ల ఒకతి, తన కొలత కాని పెద్ద చొక్కా వేసుకుని రైలు వంతెన కింద నిలబడింది. ఎదురుగా ఎద్దులాంటి మనిషి. చుట్టూ జనం తలలూపుతున్నారు. పిల్ల మోకాళ్లు వణుకుతున్నాయి, నోరు మాత్రం ఆగకుండా నడుస్తోంది.

“ఇది పాటనా, కొట్లాటనా?” మంజమ్మ అడిగింది.

“రెండూ అత్తా. ఓడిపోయినోళ్లు నోరు మూసుకోని పోవాలె.”

“మా ఊళ్ల బోరింగుకాడ గిట్లనే ఉండేది. బిందెలు పక్కన పెట్టి తిట్టుకునేటోళ్లు. తిట్టు తిట్టుకు తాళం కలిసేది.”

స్ఫూర్తి ఎగిరి కూర్చుంది. బొమ్మ గొంతు తీసేసి తాళం మాత్రం ఉంచింది. “ఏదన్న అను అత్తా. బొమ్మ నోరు తెరుస్తది, మూస్తది. ఏ భాషైనా పడ్తది.”

ఆ రోజు పగలే దుకాణంలో మంజమ్మ ఒకటి చూసింది. తనతో పనిచేసే నవ్యశ్రీ, ఐదో నెల కడుపుతో, పాయిఖానా తలుపు ముందు గోడకు తల ఆనించి ఏడుస్తోంది. ఆడవాళ్లు మాటిమాటికీ పోయి పని ఎగ్గొడుతున్నారని సావుకారు తాళం వేసి, తాళంచెవి గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. మగమనిషిని అడగలేక ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు స్ఫూర్తి ఫోన్ ముందు మంజమ్మ నోట ఆ మాటలే పాటగా వచ్చాయి. వస్తూంటే ఆమెకే తెలియలేదు. అయిపోయాక చేత్తో నోరు మూసుకుంది.

“ఎవరికన్న తెలుస్తదేమో బిడ్డా.”

“మొకం నీది కాదు గద అత్తా, బొమ్మది” అని స్ఫూర్తి నవ్వి, దాన్ని ఫోన్లో అందరికీ పెట్టింది.

మధ్యాహ్నం ఎండకు బజారు ఖాళీ అయింది. యోగానంద్ వీధి తలుపు దగ్గరగా వేసి అమ్మేవాళ్లందరినీ పిలిచాడు. వరసగా నిలబడ్డారు. అతను ఫోన్ గల్లా మీద పెట్టి ఆ పాట వినిపించాడు. చివరిదాకా వినిపించాడు. మంజమ్మ ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది. వీపు మీద చెమట ఒక్కొక్క చుక్కే దిగడం తెలుస్తోంది.

“తాళం ముచ్చట బయటోళ్లకు ఎట్ల తెలుస్తది?” అన్నాడు. “ఇది మన దుకాణం గొంతే. మంజమ్మా, ఏమైంది నీకు? పొద్దట్నుంచి మూగెద్దు లెక్క తిరుగుతున్నవ్?”

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుని, నొప్పి అన్నట్టు సైగ చేసింది. అతను అప్పటికే చూపు తిప్పేశాడు. అంత వయసు మనిషి మీదికి అతని అనుమానం పోనే పోలేదు.

“నవ్యా, నీ చెవుల ఎప్పుడూ ఆ పాటల వైర్లే ఉంటయి. అను, ఆ మొదటి మాట అను.”

“నేను కాదు సావుకారూ.”

“అనమన్న.”

నవ్యశ్రీ అంది. సగంలో ఏడుపొచ్చింది. ఏడుపులో గొంతు ఎవరిదైనా ఒకటే.

“నువ్వే. కడుపుతోని ఉన్నవని ఊకున్న. ఇగ సాలు, పో.”

మంజమ్మ కదల్లేదు. నోరు మూసుకుంటే ఇది దాటిపోతుంది. నవ్యకు మొగుడున్నాడు, తల్లి ఉంది. తనకెవరున్నారు? ఈ వయసులో ఎవరు పనిస్తారు? లోపల ఈ లెక్కలు నడుస్తుండగానే నవ్యశ్రీ బీరువా పక్కనుంచి సంచి తీసుకుంది. పోతూ పోతూ మంజమ్మ దగ్గర ఆగింది.

“గొంతు మంచిగ చూస్కో అక్కా” అంది, ఆమెకు తప్ప ఎవరికీ వినబడకుండా.

ఆ పిల్లకు తెలుసు. పొద్దున్నించీ తెలుసు. తెలిసే ఊరుకుంది.

మంజమ్మ కాళ్లు పట్టు తప్పాయి. పట్టుకోడానికి ఏమీ దొరకలేదు. కొనేవాళ్లు మాత్రమే కూర్చునే ఆ తెల్ల పరుపు మీద కూలబడినట్టు కూర్చుంది.

“లే! పరుపు మీద కూసుంటవా?” యోగానంద్ అరిచాడు.

లేవాలనే అనుకుంది. కాళ్లు మాట వినలేదు. ఆమె పరుపు మీద అరచేత్తో తట్టింది. మళ్లీ తట్టింది.

“గల్లపెట్టెకు కుర్చుంది” అంది. గొంతు మొదట పీలగా వచ్చింది. తర్వాత ఫోన్లో ఉన్నట్టే వచ్చింది. “నా కాళ్లకు లేదా?”

యోగానంద్ ఫోను వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

“నువ్వా?”

“నేనే సావుకారూ. ఆ పిల్లనేం అనకుండ్రి.”

“ఈ వయసుల... నీకేం పొయ్యే కాలమొచ్చిందే?” అతని గొంతులో కోపం కన్నా ముందు ఏదో బెదురు ఉంది. ఇన్నేళ్లూ తన ముందు తిరిగిన మనిషిని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఆ చూపుకు మంజమ్మ ఇంకా భయపడింది. ఏం చేస్తాడో, ఎవరిని పిలుస్తాడో. బీరువా అంచు పట్టుకుని లేచింది. “పొమ్మననవసరం లేదు, నేనే పోత” అనో, మరేదో అనబోయింది. తలుపు తోసుకుని ఎండలోకి నడిచింది.

వెనక్కి చూడకుండా నడిచింది. ఎవరో పిలుస్తున్నట్టు, వెంట వస్తున్నట్టు అనిపించింది. ఎవరూ రాలేదు. బస్టాండు మలుపు దాటాక గానీ ఆమెకు రోడ్డు కాలుతోందని తెలియలేదు. వెనక్కిపోయే ధైర్యం లేదు. గోడల నీడ పట్టుకుని, నీడ లేనిచోట పరుగెత్తినట్టు నడిచి, ఇంటివైపు పోయింది.

దుకాణంలో నవ్యశ్రీ ఇంకా సంచి పట్టుకునే నిలబడి ఉంది. ఆఖరికి యోగానంద్ గల్లాలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని, “నవ్యా, ఆ చీరలు మడతపెట్టు” అన్నాడు. నవ్యశ్రీ సంచి కింద పెట్టింది. పరుపు మీద కూర్చుని మడత పెట్టింది. లేవమని అతను అనలేదు. రేపు అంటాడేమో తెలియదు.

పొద్దుగూకాక షట్టరు దించారు. మెట్ల మీద విడిచిన చెప్పులు ఎవరివి వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు. గోడవారగా ఒక జత మిగిలింది. ఉబ్బిన పాదానికి చాలక పట్టీలు కోసి, తెగిన చోట రెండింటికీ పిన్నీసులు గుచ్చి ఉన్న నీలంరంగు రబ్బరు చెప్పులు, అడుగున మడమల చోట గుంటలు పడి ఉన్నాయి.