నల్ల బూడిద

ఐలన్న బాయిలర్ పొయ్యి తలుపు తెరిచి, పొడవాటి ఇనుప కడ్డీతో ఊకను కెలికాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఈ పని చేస్తూనే అతని మీసం నెరిసింది. వేడికి కమిలి కమిలి కనుబొమ్మలు పలచబడ్డాయి. అరచేతులు చెక్కలా గట్టిపడ్డాయి.

బూడిద తెల్లగా దిగడమే అతని గొప్ప. పని నేర్పిన పరశురాములు ఉస్తాద్‌కు నల్ల బూడిద కనిపిస్తే శిష్యుడి వీపు విమానం మోతే. ఊక సగమే కాలిందంటే మంట చూసుకోవడం రాదని అర్థం. ఆ రోజుల్లో గిన్నెలు తోమే తెల్ల బూడిద కోసం ఆడవాళ్లు తట్టలతో గేటు దగ్గర నిలబడేవారు. భార్య పెంటమ్మను ఐలన్న మొదట చూసింది అక్కడే. ఎంత మంచి రోజులవి!

ఇప్పుడు కావలసింది నల్లదే. సముద్రం ఒడ్డున మడ చెట్లు మళ్లీ పెంచడానికి, ఫ్యాక్టరీల మురికితో కుళ్లిన బురదలో కలుపుతారట. సగం కాలిన ఊక అందులోని విషాన్ని పట్టి ఉంచుతుందట. మొదటి లోడును ఐలన్న అలవాటు కొద్దీ తెల్లగా కాల్చేశాడు. కోదాడ మీదుగా వెళ్లిన లారీ ఆ లోడుతోనే తిరిగొచ్చింది. ఇంకోసారి అలా జరిగితే బాయిలర్ మరొకరికి అప్పగిస్తానని మేనేజర్ మురళీధర్ తేల్చి చెప్పాడు.

"ఇగ తియ్యి ఐలన్నా, నల్లగున్నప్పుడే."

"ఉడకని అన్నం దించినట్టున్నది సారూ."

ఉస్తాద్ ఎక్కడినుంచో చూస్తున్నట్టనిపించి ఐలన్నకు సిగ్గేసింది. అయినా లాగేశాడు. నీళ్లు పడగానే నల్ల కుప్ప సుయ్యిమంది.

సాయంత్రం లారీకి తాడు బిగిస్తున్న డ్రైవర్ ఫకీరా దగ్గరికి వెళ్లాడు.

"గాడ నిజంగ ఏమన్న మొలుస్తదా ఫకీరా? ఉత్తగనే పని ఖరాబు చేస్తున్ననా అని పరేషానుంది. జర సూసి చెప్పు."

"సూసొస్త అన్నా. నువ్వు రంది పెట్టుకోకు."

ఆ లోడు తిరిగి రాలేదు. ఆ తర్వాతవీ రాలేదు. వానాకాలం వడ్లు మిల్లుకు రావడం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం అన్నం తిని గోడ నీడన పడుకున్న ఐలన్న మళ్లీ లేవలేదు.

నాలుగు రోజులకు వచ్చిన ఫకీరా ఆ మాట గేటు దగ్గరే విన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. లారీలోంచి ఏదో తీసుకుని నేరుగా బాయిలర్ దగ్గరికి నడిచాడు.

"అన్నకు సూపిద్దామని తెచ్చిన," అంటూ పొయ్యి పక్క అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

సగానికి కోసిన నీళ్ల సీసా అది. అడుగున సగం కాలిన ఊక కలిసిన నల్లటి బురద, అందులో రెండాకులు విప్పిన మడ మొక్క.