అక్క వేలి గీత

ఇస్త్రీపెట్టె చేతికి అంటుకున్నప్పుడు చెల్లెలికి ముందు గుర్తొచ్చింది మందు కాదు, అక్క. బట్టలు కుట్టి బతికే మనిషికి కాలడం కొత్తా? కాలినప్పుడల్లా దూరాన ఉన్న అక్క ఫోనులో తిట్టి, ఓ డబ్బా మందు పంపేది. ఇప్పుడు తిట్టేవాళ్ళు లేరు. అక్క పోయి ఓ చలికాలం దాటింది, చెల్లెలికి ఆఖరి చూపైనా దక్కలేదు.

ఆఖరి డబ్బా మాత్రం బీరువాలో ఉంది. పెరట్లో పెంచిన కాలెండ్యులా పూరేకులను నూనెలో నానబెట్టి, మైనం కలిపి చేసింది. "బంతిపువ్వేగా?" అంటే అక్కకు ఒళ్ళు మండేది. "బంతి కాదే మొద్దూ, దాని దూరపు చుట్టం!"

గట్టిపడిందో లేదో చూడటానికి అక్క మందు మీద చూపుడు వేలితో గాడిలా ఓ గీత గీసేది. ఈ డబ్బాలో అది ఇంకా చెక్కుచెదరలేదు. మందు వాడితే గీత పోతుంది, వాడకపోతే పుండు మానదేమో. చెల్లెలి పని ముందు నుయ్యి వెనుక గొయ్యి అయింది. డబ్బా పట్టుకుని క్లినిక్‌కు వెళ్ళింది.

"ఇది రాస్తే మానుతుందామ్మా?" అని నర్సును అడిగింది.

"కొన్ని చిన్న పరిశోధనల్లో గాయాలు త్వరగా మానాయన్నారు, కొన్నింటిలో తేడా కనబడలేదండీ. గట్టి రుజువైతే లేదు. పైగా ఇంట్లో చేసింది, పచ్చిపుండు మీద వద్దు. చర్మం మూసుకున్నాక రాసుకోండి."

అక్క చేసిన మందును వద్దన్నందుకు ఎవరైనా సంతోషిస్తారా? ఈవిడ సంతోషించింది. కట్లు మార్పించుకుంటూ, ఇంటికొచ్చి గీత చూసుకుంటూ గడిపింది. పుండు కాస్త మొండికేస్తే బాగుండునని కూడా అనుకుంది. ఒళ్ళు మన మాట వింటుందా? మానింది.

కొత్త చర్మం ఒకటే దురద. మిషను ముందు కూర్చోనివ్వడం లేదు. గోకితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇక తప్పక, గీత చెరగకుండా అందులోంచే కొంచెం తీద్దామని చూపుడు వేలు పెట్టింది.

వేలు పట్టలేదు.

ఇద్దరివీ ఒకే కొలత వేళ్ళు. చిన్నప్పుడు ఒక్క ఉంగరం కోసం జుట్లు పట్టుకుని, చివరికి వంతులేసుకున్నారు. గీతలోది మాత్రం పుల్లలాంటి వేలు. ఎప్పుడు ఫోను చేసినా "నాకేమే, దుక్కలా ఉన్నాను" అనేది.

"అబద్ధాలకోరు," అంది చెల్లెలు ఏడుస్తూ. ఆ చిక్కిపోయిన చేతిని ఒక్కసారి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది.

చూపుడు వేలు తీసి చిటికెన వేలు పెట్టింది. సరిపోయింది. ఆ వేలితోనే కాస్త మందు తీసుకుని చేతికి రాసుకుంది.