క్లచ్ కాలు

"ఇంట్లోనే కదా ఉండావు, ఈ పప్పు కొంచెం ఏరి పెట్టు" అని రంగమ్మాళ్ కోడలి ఒడిలో చాట పెట్టి వెళ్లిపోయింది. జోతిమణి ఎడమ మోకాలు తీసేసి కొత్త మోకాలు పెట్టి ఆ రోజుకు పద్దెనిమిది రోజులు. కుట్లు విప్పి నాలుగు రోజులు. కాలు చాపుకుని కుర్చీలో కూర్చున్న మనిషి ఒడి ఖాళీగా ఉండటం అత్తగారికి కంట్లో నలుసు. నిన్న చిన్న ఉల్లిపాయలు, మొన్న మునగాకు. ఆపరేషన్ మోకాలికే గానీ చేతులకు కాదు కదా అన్నది ఆ ఇంటి వైద్యశాస్త్రం. బోడి ఊరి నుంచి కూతురు అభిరామి వచ్చి పది రోజులు తల్లి దగ్గరుంది. అది ఉన్నన్నాళ్లూ చాట రాలేదు. అది బస్సెక్కిన పూటే వచ్చింది.

ఇంట్లోనే కదా ఉన్నావు! ఆ మాట వింటే జోతిమణికి ఒళ్లు మండుకొచ్చింది. పదకొండేళ్లుగా తను ఇంట్లో ఉన్నదెప్పుడు? తెల్లవారకముందే లేచి టిఫినూ వంటా ముగించి, కోయంబత్తూరు దగ్గరి సూలూరు చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లకు నూలు మూటలు దించి, గుడ్డ బేళ్లు ఎక్కించుకుని ఈరోడ్డు దాకా పోయొచ్చే లారీని ఎవరు తోలారు? భర్త వరదరాజన్‌కు నడుములో డిస్కు జారిన ఏడాది, అరగంటకు మించి స్టీరింగ్ ముందు కూర్చుంటే మంచాన పడతావని డాక్టర్లు చెప్పేశారు. లారీ అమ్మేద్దామని ఇల్లంతా ఏడుస్తూ కూర్చుంటే, నేను తోలతానని ముందుకొచ్చింది జోతిమణే. పుట్టింటి నల్లరేగడి చేలల్లో పదహారేళ్లకే నాన్న ట్రాక్టరు తోలిన పిల్ల ఆమె. పట్టుబట్టి హెవీ లైసెన్సు తీసుకుంది.

ఆమె లారీ తోలడానికి ఇల్లు ఒప్పుకుంది. అది ఊరికి తెలియడానికి మాత్రం ఒప్పుకోలేదు. "మన ఇంటి ఆడది కూలికి లారీ తోల్తా ఉండాదని నలుగురు చెప్పుకుంటే, నేను కారమడై రంగనాథుడి తేరుకు ఏ మొగం పెట్టుకుని పోయేది?" అంది రంగమ్మాళ్. దానికి వరదరాజన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున ఇంటి వాకిట్లో లారీ ఎక్కి స్టీరింగ్ పట్టుకునేది అతను. ఆమె పక్క సీట్లో, టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, ఏదో మొగుడికి తోడుగా పోతున్నట్టు కూర్చోవాలి. కిలోమీటరు దాటాక, మూతపడిన మిల్లు గోడ చాటున లారీ ఆగుతుంది. ఇద్దరూ దిగి చుట్టూ తిరిగొచ్చి సీట్లు మార్చుకుంటారు. అక్కడి నుంచి రోజంతా ఆమె. సాయంత్రం మళ్లీ అదే గోడ దగ్గర ఆగాలి, దిగాలి, అటువైపు ఎక్కాలి. ఊళ్లోకి లారీని తెచ్చేది మగవాడే.

లారీ మొదటి మెట్టు ఆమె మోకాలికన్నా ఎత్తు. వానలో, ఎండలో, నెలసరి నొప్పిలో, జ్వరంలో, పదకొండేళ్ల పాటు రోజుకు రెండుసార్లు ఊరికే దిగి, రెండుసార్లు ఊరికే ఎక్కింది. క్లచ్ తొక్కితొక్కి ఎడమ మోకాలు సగం పోయింది, మిగతా సగాన్ని ఆ గోడ తినేసింది. చివరి ఏడాది మెట్టు మీద కాలు పెట్టి, పైకి లేవలేక, తలుపు పట్టుకుని ఏడ్చేది. "త్వరగా ఎక్కు, ఎవరన్నా చూస్తారు" అనేవాడు వరదరాజన్. చెయ్యి అందించేవాడు కాదు.

ఆపరేషన్‌కు ముందు కోయంబత్తూరు ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు, ఏం పని చేస్తారమ్మా అని. జోతిమణి నోరు తెరిచే లోపలే వరదరాజన్, "సుమ్మా ఇంట్లోనే సార్" అన్నాడు. డాక్టరు కాగితం మీద అదే రాసుకున్నాడు. వంటింట్లో నిలబడటానికి, గుమ్మం దాటడానికి సరిపడా వ్యాయామాలు చెప్పించి పంపాడు. సుమ్మా! పనీపాటా లేకుండా ఊరికే! ఆపరేషన్ భయంలో ఉండి అప్పుడు ఊరుకుంది గానీ, ఆ ముక్కను మాత్రం మరవలేదు.

ఆమె లేని మూడు నెలలకూ రామ్‌కుమార్ అనే డ్రైవర్ని పెట్టారు. వేరే ఊరివాడు, చుట్టమూ కాదు పక్కమూ కాదు. జోతిమణి అరుగు మీద పప్పు ఏరుతున్న ఆ సాయంత్రమే లారీ వీధిలోకి తిరిగింది. స్టీరింగ్ ముందు రామ్‌కుమార్. పక్క సీట్లో, కిటికీ మీద మోచెయ్యి ఆనించుకుని, జమీందారులా వరదరాజన్. లారీ నేరుగా వాకిట్లోకొచ్చి ఆగింది. రంగమ్మాళ్ పెద్ద గ్లాసు నిండా మజ్జిగ పట్టుకుని ఎదురెళ్లింది. "ఎండలో తోలి వచ్చినావు, ముందు ఈ మోరు తాగు నాయనా" అంది.

జోతిమణి చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. ఈ మహానుభావుడికి పక్క సీట్లో కూర్చోవడం నామోషీ కాదన్నమాట! నలుగురూ చూస్తుండగా వేరేవాడు లారీ తోలితే పరువు పోదన్నమాట! తోలేది పెళ్లామైతేనే పోతుంది. పదకొండేళ్లు ఈ వాకిట్లో ఆమె లారీ దిగితే ఎదురొచ్చింది మజ్జిగ కాదు, "పొయ్యి వెలిగించు, పొద్దు పోయింది" అన్న మాట.

పక్కింటి కళైసెల్వి పలకరించడానికి వచ్చి, అరుగు అంచున కూర్చుంది. "అన్న ఇన్నేండ్లు ఒంటిగా తోలి తోలి అలిసిపోయె పాపం. ఇప్పుడన్నా డ్రైవర్ని పెట్టుకున్నారు, మంచిదాయె అక్కా" అంది. వరదరాజన్ విన్నాడు. విని, చిన్నగా నవ్వి, నడుము మీద చెయ్యి వేసుకుని లోపలికి పోయాడు. "కళైసెల్వికి కాప్పి పెట్టియ్యి" అని లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. జోతిమణి వాకర్ పట్టుకుని లేచి, వంటింట్లో ఒంటికాలి మీద బరువు మోపి నలుగురికీ కాఫీ పెట్టింది. పాలు పొంగుతుంటే చూస్తూ, తనలోనూ ఏదో పొంగుతోందనుకుంది. పొయ్యి తగ్గించింది గానీ రెండోదాన్ని తగ్గించాలని అనిపించలేదు.

అన్నం తినేటప్పుడు వరదరాజన్ కబురు చల్లగా చెప్పాడు. "రామ్‌కుమార్ బాగానే తోల్తాడు. అతన్నే ఉంచుకుందాము. నువ్వు పడింది చాలు, ఇంక ఇంట్లో ఉండు." రంగమ్మాళ్ వెంటనే అందుకుంది. "ఆ రంగనాథుడే మోకాలు పట్టుకుని నిలిపినాడు దీన్ని."

పదకొండేళ్లు సంపాదన కావలసినప్పుడు ఏ దేవుడూ పట్టుకోలేదే! స్టీరింగ్ ముందు కూర్చున్నంతసేపే ఆ ఇంట్లో తనదంటూ ఏదైనా ఉంది. ఆ ఎత్తు నుంచి రోడ్డు కనబడేది, పల్లడం దాటాక కొబ్బరితోటల గాలి తగిలేది, ఎవరూ ఏదీ ఏరి పెట్టమనేవారు కాదు. ఇప్పుడు కొత్త మోకాలు ఇచ్చి దాన్నే లాక్కుంటున్నారు. దీన్ని వాళ్లు విశ్రాంతి అంటున్నారు.

"నేను మళ్లీ తోల్తాను మామా" అంది భర్తతో.

"చూద్దాము" అన్నాడు వరదరాజన్. ఆ ఇంట్లో చూద్దాం అంటే కుదరదని అర్థం.

మర్నాటి నుంచి జోతిమణి కుర్చీని గోడకు ఎదురుగా వేయించుకుంది. ఎడమ పాదం గోడకు ఆనించి నొక్కడం, వదలడం. పది సార్లు, ఇరవై, యాభై. కళ్ల వెంట నీళ్లు కారేవి. "గోడ నిన్నేమి చేసె? దాన్ని ఎందుకు తంతా ఉండావు?" అంది రంగమ్మాళ్. "గోడనే తంతా ఉండాను, సంతోషపడండి అత్తా" అంది జోతిమణి. అత్తగారు ఆ పూట చాట తీసుకురాలేదు.

మూడో నెల చివర, ఇంకా ఉండాలో పోవాలో అడగడానికి రామ్‌కుమార్ అరుగు దగ్గరికి వచ్చాడు. "సార్ ఎప్పటికీ ఉండమంటారు. నాకు ఇంకో బండి కుదిరింది అక్కా. మీరు వచ్చేదుంటే నేను కెళంబి పోతాను." జోతిమణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నువ్వు పో తమ్ముడూ. సోమవారం నుంచి నేను" అంది. ఆ ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆమె చెప్పిన మొదటి మాట అదే. భర్తకు కూడా చెప్పలేదు.

శనివారం ఆసుపత్రిలో డాక్టరు మోకాలు వంచి చూశాడు, నడిపించి చూశాడు. "ఇంటిపనికి ఇక ఏ ఇబ్బందీ లేదమ్మా" అన్నాడు సంతోషంగా.

"ఇంటిపని కాదు సార్. నేను లారీ డ్రైవర్ని. ఇది క్లచ్ కాలు."

డాక్టరు కాగితం వైపు చూసి, వరదరాజన్ వైపు చూశాడు. వరదరాజన్ చెవులు ఎర్రబడ్డాయి. "అదేమీ లేదు సార్, ఇంతకుముందు సుమ్మా అప్పుడప్పుడు..." అని నసిగాడు. డాక్టరు అతన్ని పట్టించుకోలేదు. ఆమెను మళ్లీ బల్ల మీద పడుకోబెట్టి, తన అరచేతిని పాదంతో గట్టిగా తోయమన్నాడు. ఆమె తోసిన తోపుకు రెండడుగులు వెనక్కి వేశాడు.

"తోలొచ్చు. ముందు చిన్న ట్రిప్పులే" అన్నాడు నవ్వి. "కానీ ఎత్తు మెట్లు వీలైనంత తక్కువ. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతారు?"

జోతిమణి భర్త ముఖంలోకి సూటిగా చూసింది. డాక్టరుకు తమిళంలో చెప్పాల్సిన జవాబును, మొగుడికి బాగా అర్థం కావాలని, ఇంటి తెలుగులోనే చెప్పింది.

"ఇంటి వాకిట్లో ఎక్కుతాను. ఇంటి వాకిట్లోనే దిగుతాను. నడిమధ్యలో ఎవరి మానం కోసమూ దిగను."