పల్టీ పెదనాన్న

నాలుగు చిన్న తూకం యంత్రాల మీద నాలుగు చక్రాలు ఆనించి, చేతులు వెనక్కి తీసుకుని, అంకెలు నిలబడేదాకా ఊపిరి బిగబట్టాడు. ముందు కుడి తొమ్మిదివందల పన్నెండు గ్రాములు. ముందు ఎడమ తొమ్మిదివందల అయిదు. వెనక రెండూ ఆరువందలు దాటి ఆగాయి. గోడకున్న కాగితం మీద పెన్సిలుతో రాశాడు. నూటికి అరవై ముందు, నలభై వెనక. పదకొండు నెలలుగా పట్టుబడని లెక్క ఇది.

మూరెడు పొడవున్న ట్రక్కు. రిమోటుతో నడుస్తుంది. పరుగెత్తదు, రాళ్ళెక్కుతుంది. కొన్నప్పుడున్న సామానులో ఇప్పుడు మిగిలినవి పైడొప్ప, కింది చట్రం మాత్రమే. ముందు చక్రాలు తిప్పే ప్లాస్టిక్ పళ్ళ మోటారు పోయి, ఇనప పళ్ళది వచ్చింది. టైర్లలోని స్పాంజి రెండుసార్లు మారింది. ముద్ర చెల్లని పాత తూకపురాళ్ళను లేతు మిషను మీద తిప్పి, ఇత్తడి రింగులు చేసి, ముందు చక్రాల లోపల బిగించాడు. ఆ పని అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. దుకాణాల తూకాలు బాగుచెయ్యడం అతని వృత్తి. ఇరవయ్యారేళ్ళుగా అదే.

భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

“చెల్లి వాళ్ళ సామాను లారీకెత్తుతున్నారట. వెళ్ళి ఓ చెయ్యి వెయ్యకూడదూ?”

“పనుంది.”

“కనిపిస్తూనే ఉంది. దానికి తల కూడా దువ్వండి, సరిపోతుంది.”

అతను మరను ఇంకో పావుచుట్టు బిగించాడు.

“మరిది సాయంత్రం ఆరింటికల్లా బయల్దేరతాడు. ఇంత దూరం బదిలీ అయితే మళ్ళీ ఎప్పుడొస్తారో ఏమో.”

“తెలుసు. అయిదింటికి క్వారీ దగ్గరికి రమ్మన్నాను.”

“సాగనంపడానికి క్వారీ ఏమిటండీ? ఇల్లు లేదూ?”

అతను ఇంకో మర మీదికి వంగాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నిరుడు ఆ క్వారీలోనే అతని ట్రక్కు దొర్లింది. ఈ తోడల్లుడే ఫోనులో వీడియో తీశాడు. ట్రక్కు మూడు పల్టీలు కొట్టడం, వెనక నుంచి “అమ్మో, అమ్మో, నా బండి!” అని చిన్నపిల్లాడి గొంతు. ఆ గొంతు అతనిదే. మరుసటి వారం అత్తగారింట్లో భోజనాల దగ్గర ఆ ఫోను చేతులు మారింది. అత్తగారు నవ్వీ నవ్వీ దగ్గారు. తోడల్లుడి పిల్లలిద్దరూ నేల మీద పడి దొర్లి చూపించారు. ఆ రోజునుంచి వాళ్ళకు అతను పల్టీ పెదనాన్న. అదంతా మింగేవాడే. కానీ అతని భార్య కూడా నవ్వింది. చెయ్యి నోటికడ్డం పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని నవ్వింది. అతను చూడలేదనుకుంది. చూశాడు.

పదింటికి కిరాణా దుకాణంలో గల్లాపెట్టె కింద వెల్లకిలా పడుకుని తూకం యంత్రం అడుగు విప్పాడు. కిలోకు నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. దుకాణదారు పైనుంచి తొంగిచూశాడు.

“ఏం తూకాలాయనా, పూర్తిగా సరిచెయ్యాలా? ఓ ఇరవై అలాగే ఉండనీయరాదూ?”

“ముద్ర వెయ్యాలి.”

“ముద్ర వెయ్యవయ్యా, ఎవరొద్దన్నారు? ఇరవై ఉంచి వెయ్యి.”

సున్నా దగ్గర నిలబెట్టి ముద్ర వేశాడు. “నీతో వేగడం కష్టమయ్యా,” అని దుకాణదారు అవతలి బేరంలోకి వెళ్ళిపోయాడు. అతను బయటికొచ్చేటప్పుడు ఎవరూ తలెత్తలేదు. తూకం సరిగ్గా ఉన్నన్నాళ్ళూ దాన్ని సరిచేసినవాడు ఎవరికీ గుర్తుండడు.

మరో మూడు దుకాణాలు చూసి, మూడున్నరకు క్వారీ చేరాడు. రాయి తియ్యడం మానేసి చాలాకాలమైంది. గుంటలో నీళ్ళు నిలిచాయి. గట్టునుంచి నీళ్ళ మీదికి పొడుచుకొచ్చిన బండను అక్కడికొచ్చేవాళ్ళు దవడ అంటారు. మధ్యలో నిలువునా పగులు. దాని పక్కన ఎడమవైపు ఏటవాలు పలక. మనిషి అడుగుపెట్టే వీలు లేదు. కింద ముప్పై అడుగుల లోతున నీళ్ళు. అక్కడ ఎవరి బండైనా ఇరుక్కుంటే ఇంకో బండి ఎక్కివెళ్ళి, ముందున్న తాడు కొక్కెం తగిలించి లాక్కురావాలి. వేరే దారి లేదు.

దవడ జోలికి పోకుండా పక్క బండ మీద పరీక్ష మొదలుపెట్టాడు. మొదటిసారి ముందు చక్రాలు అంచును కరిచాయి, వెనకవి జారాయి. బ్యాటరీని రెండు గోళ్ళ మందం ముందుకు జరిపాడు. రెండోసారి ట్రక్కు అంచు మీద ఆగి, ఊగి, పక్కకు ఒరిగింది. కుడి స్ప్రింగును ఒక మర వదులు చేశాడు. మూడోసారి ఎక్కింది. మళ్ళీ ఎక్కించాడు. ఆరుసార్లు ఎక్కించి, మోటారు మీద వేలు పెట్టి వేడి చూసి, చల్లారేదాకా నీడలో ఉంచాడు.

అయిదుం పావుకు తోడల్లుడు బైకు మీద వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. సంచిలోంచి ఎర్ర ట్రక్కు తీశాడు.

“చంపేశారు అన్నయ్యా! బీరువా మెట్లలో ఇరుక్కుంది, మీ మరదలు నా మీద అరుస్తోంది, నేనేమో ఇక్కడికి. పావుగంటే!”

“దవడ ఎక్కుదాం.”

“ఆఖరాటా? పదండి. ముందు నేను.”

ఎప్పుడూ ముందు తోడల్లుడే. ఎర్ర ట్రక్కు పగులు వెంట ఎక్కింది. సగం పైకి వెళ్ళాక ముందు చక్రం పగులులో దిగింది. తోడల్లుడు వెనక్కి లాగాడు, ముందుకు తోశాడు. రెండో చక్రమూ దిగింది. మోటారు ఏడ్చి ఊరుకుంది.

“అయిపోయింది మన పని! అన్నయ్యా, మీరెక్కి లాగాలి.”

అతను తన ట్రక్కును ఎడమ పలక మీదికి పంపాడు. నిరుడు దొర్లిన చోటు వచ్చింది. ట్రక్కు ముందుభాగం లేచింది. వేలు రిమోటు మీద కదలలేదు. ఇత్తడి బరువు ముందు చక్రాలను రాతికి అదిమింది. టైరు అంచును పట్టి, నొక్కుకుని, మెల్లగా పైకి ఈడ్చుకుంది.

“అబ్బో! అబ్బబ్బో!” తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. “ఏం పెట్టారు లోపల? బంగారమా?”

ట్రక్కు ఎర్రబండికి ఎదురుగా తిరిగి ఆగింది. తాడు వదిలాడు. కొక్కెం ఎర్రబండికి నాలుగు వేళ్ళ దూరంలో వేలాడింది. అక్కడ ఆపాడు. రిమోటు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో ఫోను తీసి, వీడియో నొక్కి, తోడల్లుడి మొహానికెదురుగా పట్టుకున్నాడు.

“తగిలించండి అన్నయ్యా. టైమైపోతోంది.”

“అడుగు.”

“అడుగుతున్నానుగా!”

“గట్టిగా అడుగు. అమ్మో నా బండి అని అడుగు.”

తోడల్లుడు నవ్వాడు. ఎదుటి మొహం చూసి నవ్వు ఆపాడు.

“ఏమైంది అన్నయ్యా?”

“అత్తగారింట్లో వీడియో చూపించావు. అందరికీ.”

“ఏ వీడియో?”

అతను ఫోను దించి ఆ మొహాన్ని చూశాడు. తూకంలో మోసం పెట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడే దుకాణదారులను ఇరవయ్యారేళ్ళు చూశాడు. కంటికింద చర్మం కదులుతుంది, చెయ్యి ఎక్కడో తడుముతుంది. ఇక్కడ ఏదీ కదలలేదు. నిజంగానే గుర్తులేదు.

“నా బండి పల్టీ కొట్టినప్పుడు తీసింది.”

“ఓ, అదా! ఆ ఫోను ఎప్పుడో పోయింది అన్నయ్యా. పిల్లలు మాత్రం పల్టీ పెదనాన్న ఇంకా రాలేదేమని పొద్దుటినుంచి నా ప్రాణం తీస్తున్నారు. ఒక్కసారి కనబడి వెళ్ళరాదూ?”

తోడల్లుడి జేబులో ఫోను మోగింది. లారీ డ్రైవరు. “వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా” అంటూ తన రిమోటును రాయి మీద పెట్టి బైకు దగ్గరికి నడిచాడు.

“బండి?” అన్నాడు అతను. గొంతు పైకి లేచింది.

“మీరే ఉంచేసుకోండి. నాకిక రాళ్ళెక్కే తీరికెక్కడిది? అన్నయ్యా, బాగా ఎక్కించారు. నిజంగా చెప్తున్నా.”

చెయ్యి ఊపాడు. బైకు మలుపు తిరిగింది. ఆ చప్పుడు పెద్దరోడ్డు చప్పుడులో కలిసేదాకా అతను అటే చూశాడు.

ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది. ఆపి చూశాడు. రెండు నిమిషాల పది సెకండ్లు. మొదట తోడల్లుడి నవ్వు, తర్వాత మట్టి, తన చెప్పులు. అందులో నవ్వుకోవడానికి ఎవరికీ ఏమీ లేదు.

ఆరయింది. కొక్కెం ఇంకా నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. వేలు కాస్త కదిపితే తగులుకుంటుంది. అతను తాడు చుట్టేశాడు. ట్రక్కును వచ్చిన దారినే వెనక్కి దించి, టైర్లు తుడిచి, పెట్టెలో పెట్టాడు. రాయి మీది రిమోటును తాకలేదు. తిన్నగా ఇంటికి కాదు, తోడల్లుడి ఇంటికీ కాదు, ఊరి అవతలి వీధి మీదుగా చుట్టుతిరిగి వెళ్ళాడు.

దవడ పగులులో ఎర్రబండి ముందుదీపాలు రెండూ వెలుగుతున్నాయి, ముప్పై అడుగుల కింద నీళ్ళలో ఇంకో రెండు.