నా చప్పుడులో మునిగిన కవిత

ఆగండి, ఆగండి, నన్ను చూడగానే డాన్స్ మొదలుపెట్టకండి, ఒక్కసారి నా మాట వినండి. నేను ఒక మర్ఫాను. హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో మెడకు తగిలించుకుని పుల్లలతో వాయిస్తారే, ఆ రాగి డోలును. బేగంబజార్‌లో ఒక కంచరి నా గిన్నె సాగగొట్టాడు, మేకతోలు బిగించాడు, అంతే, పుట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా నాకు దెబ్బలే అన్నం.

నన్ను మొదట కొన్నది మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ గల్లీలో ఉండే ఒక సిద్దీ కుటుంబం. వాళ్ల ముత్తాతల్ని నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి గుర్రపు దళంలోకి తెచ్చారు. గుర్రాలు పోయాయి, నవాబులు పోయారు, నేను మిగిలాను. తాత మెడలోంచి కొడుకు మెడలోకి, ఇప్పుడు మనవడు మబ్రూక్ మెడలోకి వచ్చాను. మనుషులు భలేవాళ్లు సుమా. ఇల్లు అద్దెకు అడిగితే తలుపు సగమే తెరిచే పెద్దమనుషులు, పెళ్లికి మాత్రం రెండు నెలల ముందే మమ్మల్ని మాట్లాడుకుంటారు.

మబ్రూక్ వాళ్లన్న కూతురు నఈమా, ఆయన్ని చాచా అంటుంది. డిగ్రీ రెండో ఏడు. ఆ పిల్ల తెలుగులో కవితలు రాస్తుంది, నా పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి చదువుకుంటుంది. కాలేజీలో చేరిన రోజు తెలుగు చెప్పే సుహాసిని మేడమ్ ఆశ్చర్యపోయి, ఇంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది, అసలు నువ్వు ఎక్కడినుంచి వచ్చావు అని అడిగిందట. నఈమా ఇంటికొచ్చి చెప్పింది: "మాసాబ్‌ట్యాంక్ నుంచి మేడమ్, షేర్ ఆటోల వచ్చిన అని చెప్పిన చాచా." ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజు రాసుకున్న కవిత నాకు వినిపించింది మాత్రం నవ్వులు ఆగాకే:

నా జుట్టు ముట్టుకుని
స్ప్రింగులా ఉందంటావు.
నీ తల నేనెప్పుడూ ముట్టలేదు,
మా అమ్మ మర్యాద నేర్పింది.

కాలేజీలో కవితల పోటీ వచ్చింది. నఈమా పేరిస్తే, నువ్వు మర్ఫా డాన్స్‌లో ఉంటే బాగుంటుంది కదా అన్నారు కాలేజీవాళ్లు. నఈమా ఎప్పుడూ డాన్స్ చేయలేదు, పెళ్లిలో కూడా కుర్చీ వెతుక్కునే రకం. అయినా మూడుసార్లు తిరిగి, బతిమాలి, కవితకే పేరు రాయించుకుంది. మబ్రూక్ పొంగిపోయాడు. ఇంట్లో ఎవరికి శుభం జరిగినా మర్ఫా మోగాల్సిందే, అది వాళ్ల పద్ధతి. పిల్ల గెలవగానే మోగిద్దామని హాలు వెనక కాగితాలు కాల్చి, నా తోలు బిగిసేలా వేడి చేసి, చివరి వరసలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నఈమా చదువుతోంది. మొదట వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ నవ్వు కూడా ఆగింది.

ఏ దేశం మీదని అడుగుతావు.
అయిదు తరాల సమాధులు ఈ ఊళ్లోనే ఉన్నాయి.

అక్కడ ఆగింది. కావాలనే ఆగింది, ఇంట్లో కూడా అక్కడే ఊపిరి తీసుకునేది, నాకు తెలుసు. హాలంతా చడీచప్పుడు లేదు. మబ్రూక్ జన్మలో స్టేజీ మీద కవిత చదవడం చూడలేదు. మర్ఫా వాయించేవాడికి జనం నిశ్శబ్దమైతే అంతకంటే అవమానం లేదు. పిల్ల మరిచిపోయింది, పరువు పోతోంది అనుకున్నాడు. కాపాడదామని లేచి నన్ను దంచాడు.

నేనేం చేయను? కొడితే మోగుతాను. హాలంతా కుర్చీలు తోసుకుని లేచింది, ఈలలు, గంతులు, ఎవరో స్టేజీ ఎక్కి నఈమా చెయ్యి పట్టుకుని తిప్పారు. మిగిలిన రెండు పాదాలు ఎవరికీ వినబడలేదు. మీకు చెప్తాను, నాకు కంఠతా వచ్చు:

ఇంకెంత లోతుకు తవ్వుకుంటే
మేమూ ఇక్కడివాళ్లం అవుతాం?

బహుమతి వచ్చింది. కవితకు కాదు, ప్రత్యేక సాంస్కృతిక ప్రదర్శనకట.

ఇంటికొచ్చాక నన్ను మూలన పెట్టి మబ్రూక్ నేల చూస్తూ అన్నాడు, "అందరు సప్పుడు చెయ్యకుండ కూసునేసరికి బెదిరిన బేటా. నువ్వు ఆగిపోయినవనుకున్న."

నఈమా కవిత కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది. ఆ తర్వాత మెల్లగా అంది, "వాళ్లు వింటుండె చాచా. ఫస్ట్ టైం వింటుండె."

ఆయన ఇక కాలేజీ గడప తొక్కనన్నాడు. ఈలోపు మేడమ్ ఫోన్ చేసింది. వచ్చే వారం అన్ని కాలేజీల పోటీలకు ఈ ఐటమే పంపుతారట. ముందు మర్ఫా, డాన్స్, చివర కవితకు రెండు నిమిషాలు. మర్ఫా లేకపోతే పేరే పంపరు. వెయ్యిమంది వస్తారట. రేపు పొద్దున పదింటికల్లా చెప్పాలట.

నఈమా ఫోన్ పక్కన పెట్టి నావైపు చూస్తూ కూర్చుంది. వెళితే వెయ్యిమందికి నా మోత తర్వాతే తను వినిపిస్తుంది. వెళ్లకపోతే అసలు వినిపించదు. ఆ పిల్లకు చెప్పే నోరు నాకు లేదు, ఒకరు కొడితేగానీ శబ్దం రాదు. మీకుందిగా. నఈమా స్థానంలో మీరుంటే రేపు పదింటికి ఏం చెప్తారు?