యాదగిరి కంచం

కంచాలు తోముతూ బక్కమ్మ మళ్లీ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. గుమ్మడిదలలో మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎంగిలి కంచాలు కడగడం ఆమె పని. చేతులు సబ్బునీళ్లలో ఉంటే పెదవుల మీద పరలోక ప్రార్థన ఉంటుంది. అంతా సాఫీగా వస్తుంది. కీడు చేసినవాళ్లను మేం క్షమించినట్టే మమ్మల్ని క్షమించమనే చోట మాత్రం నోరు మూసుకుపోతుంది. చర్చిలో నలుగురితో కలిసి చెప్పేటప్పుడూ అంతే. దేవుడి ముందు అబద్ధం ఎట్లా ఆడుతుంది?

కంపెనీ బస్సు వెనక్కి తీస్తూ ఆమె ఒక్కగానొక్క కొడుకు సునీల్‌కుమార్‌ను తొక్కించినవాడు డ్రైవర్ యాదగిరి. నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఆమె ఆ బస్సెక్కలేదు. మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికీ పోలేదు. పగ పెట్టుకున్న చేత్తో ఆ రొట్టె ముట్టకూడదని ఆమె నమ్మకం. అయ్యో, కొడుకూ పోయె, దేవుడూ దూరమాయె, ఏం బతుకది!

పొద్దుటి నుంచి ఎడమ రెక్క గుంజుతోంది. గ్యాసనుకుని సోడా తాగింది.

అందరూ తిని వెళ్లాక వెనక నల్లా దగ్గర చప్పుడైంది. వెళ్లి చూస్తే యాదగిరి. రేడియేటర్ ఆవిరికి కాలి, కుడిచేతికి కట్టుంది. ఎడమచేత్తో కంచం కడుగుతున్నాడు.

"గీడ నువ్వెందుకు కడుగుతున్నవ్?"

అతను తలెత్తలేదు. "నాలుగేండ్ల సంది నా తల్లె నేనే కడుక్కుంటున్న అక్కా. నా ఎంగిలి నీతోని ఎట్ల కడిగిస్త?"

ఎన్నిసార్లు ఇతని చావు కోరుకుంది! కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"ఇటియ్యి. గట్ల కడిగితే జిడ్డు పోతదా?"

కంచం లాక్కుంది. పీచుతో నడుమా అంచూ తోమి, రెండుసార్లు కడిగి, మిగతా కంచాల మీద బోర్లించింది. యాదగిరి గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊకో. రేపు మొదటి ఐతారం. నేను బల్లకు పోత."

బల్ల సంగతి అతనికి తెలియదు. అయినా తలూపాడు.

సాయంత్రం ఆమె బస్సెక్కేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. ఆమె చర్చికే వచ్చే నాగవల్లి పక్కకు జరిగి చోటిచ్చింది. బస్సు కదిలాక బక్కమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ మాట దగ్గర ఆగుతుందని నాగవల్లికి తెలుసు. ఆగలేదు. మొత్తం చెప్పి, ఆమెన్ అని, నాగవల్లి భుజం మీద తల వాల్చింది. అలసిపోయింది పాపం, పడుకోనీ అనుకుంది నాగవల్లి.

పటాన్‌చెరులో బస్సాగింది.

"అక్కా, మీ గల్లీ వచ్చింది," అన్నాడు యాదగిరి. మళ్లీ పిలిచాడు. నాగవల్లి ఆమె చెయ్యి పట్టుకుని చూసి కెవ్వుమంది.

అంబులెన్స్ వచ్చింది. ప్రాణం ఎప్పుడో పోయిందన్నారు. ఆమెను తీసుకెళ్లాక యాదగిరి ఒక్కడే బస్సెక్కి లైటు వేశాడు. ఆమె కూర్చున్న సీటు కింద, చర్చి గడప ముందు విడిచినట్టు, అరిగిన రబ్బరు చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.